మిగిలిన పిండి ముద్ద, నీళ్ళ లెక్క

రాత్రి చపాతీలు అయిపోయాక గిన్నెలో బత్తాయికాయంత ముద్ద మిగులుతుంది. పారేయడానికి మనసొప్పదు, ఇంకో రెండు చపాతీలు చేస్తే తినేవాళ్ళు లేరు. మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేస్తారు. రెండో రోజు సాయంత్రం తీసి చూస్తే పైన బూడిద రంగు తిరిగి, గాలి తగిలిన చోట పొర కట్టి, లోపల మాత్రం వేలు పెడితే దిగిపోయేంత మెత్తగా ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "చిప్స్ చేసేద్దాం" అంటారు. ఒత్తి, కోసి, నూనెలో వేస్తే ఎర్రగానే వేగుతాయి. ప్లేటులోకి వచ్చిన పది నిమిషాలకు మాత్రం తోలు ముక్కల్లా సాగుతాయి.

ఇందులో వంట చేసినవాళ్ళ తప్పేమీ లేదు. కరకరలాడే చిరుతిళ్ళకు చెప్పే కొలతలన్నీ పొడి పిండితో మొదలవుతాయి: ఇన్ని గ్లాసుల మైదా, ఇన్ని చెంచాల వేడి నూనె, తగినన్ని నీళ్ళు. మిగిలిన ముద్ద దగ్గర ఆ నిర్ణయాలన్నీ ముందు రోజే అయిపోయాయి. నీళ్ళు పోసేశారు, పిసికేశారు, నానబెట్టేశారు. పోసిన నీళ్ళు వెనక్కి తీయలేరు. కాబట్టి ఈ వంటను వెనక నుంచి ముందుకు ఆలోచించాలి. ఏం చేసుకుందాం అన్న ప్రశ్న తర్వాత, ముందు ఆ ముద్దలో ఎంత నీరుంది, ఎంత పులిసింది, అది దేనికి పనికొస్తుంది అన్నది చూడాలి. ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దగ్గరలో ఉండే విశాఖపట్నం లాంటి ఊళ్ళో ఈ నీళ్ళ లెక్క రెండుసార్లు వేసుకోవాల్సి వస్తుంది. పిండిలో ఒకసారి, వేయించిన తర్వాత డబ్బాలో ఇంకోసారి.

చపాతీ ముద్ద ఎందుకు సాగుతుంది

మెత్తటి చపాతీకి 100 గ్రాముల గోధుమపిండికి సుమారు 60 నుంచి 65 గ్రాముల నీళ్ళు పడతాయి. పూరీకి అంతకన్నా గట్టిగా కలుపుతారు. కరకరలాడే మైదా చిప్స్‌కి ఇంకా గట్టిగా, 45 గ్రాములకు అటూఇటూ సరిపోతాయి. ఇప్పుడు 200 గ్రాముల మిగిలిన ముద్ద ఉందనుకుంటే అందులో 125 గ్రాములు పిండి, 75 గ్రాములు నీళ్ళు. ఆ 75 గ్రాముల నీళ్ళు 45 శాతం లెక్కలోకి రావాలంటే పిండి దాదాపు 165 గ్రాములు ఉండాలి. అంటే ఇంకో 40 గ్రాముల పొడి పిండి కలవాలి. ఇంటి కొలతలో కుప్పగా తీసిన మూడు, నాలుగు చెంచాలు.

ఆ 40 గ్రాములు కూడా గోధుమపిండే వేస్తే లాభం సగమే. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు నీళ్ళు తగలగానే సాగే వలలా అల్లుకుంటుంది. చపాతీకి అదే కావాలి, చిప్స్‌కి అదే శత్రువు. బియ్యప్పిండి, శనగపిండి లాంటివాటిలో ఆ వల అల్లే గుణం లేదు. ముద్దలోకి వెళ్ళి మధ్యమధ్యలో కూర్చుని వలను తెంపుతాయి, నీళ్ళనూ పీలుస్తాయి. ఉత్తరాంధ్రలో చోళ్ళు అని పిలిచే రాగుల పిండి కూడా ఈ పనికి బాగా వస్తుంది. చోడి పిండి కలిపిన చిప్స్ గుల్లగా విరుగుతాయి. కానీ ముందే ముదురు రంగు కాబట్టి వేగాయో లేదో రంగు చూసి చెప్పడం కుదరదు. నూనెలో నురగ తగ్గడాన్ని బట్టి చెప్పాలి. దాని సంగతి కొంచెం ఆగి.

ఇక నూనె. తాజా పిండిలో వేడి నూనె పోసి, పిండిని రెండు చేతులతో రుద్ది, గుప్పెట పడితే ముద్దగా నిలిచేటట్టు చేసి, ఆ తర్వాతే నీళ్ళు చల్లుతారు. ఈ వరసకు కారణం ఉంది. ముందు నూనె పట్టిన పిండి రేణువుకు నీళ్ళు సరిగా అందవు, వల పూర్తిగా అల్లుకోదు, వేగాక గుల్లగా వస్తుంది. మిగిలిన ముద్దలో నీళ్ళు ముందే చేరిపోయాయి. ఇప్పుడు దాని మీద ఎంత నూనె పోసి పిసికినా పైపైన జారుతుందే తప్ప లోపలి వలను విప్పలేదు. ముద్ద జిడ్డుగా మారి పీట మీద నిలవదు, అంతే.

దీనికి మంచి ఉపాయం ఒకటుంది. కొత్తగా కలపబోయే ఆ మూడు నాలుగు చెంచాల పొడి పిండికే ముందు రెండు చెంచాల కాగిన నూనె పట్టించాలి. వాము, నువ్వులు, కారం, ఉప్పు కూడా అందులోనే. ఉప్పు చపాతీ పిండిలో ముందే ఎంతుందో గుర్తుచేసుకుని వేయాలి, చాలా ఇళ్ళలో చపాతీకి ఉప్పే వేయరు. ఆ తడి ఇసుక లాంటి మిశ్రమాన్ని ముద్దలోకి కొద్దికొద్దిగా మడతపెట్టి నొక్కాలి. పిసకడం కన్నా మడిచి నొక్కడం మేలు, పిసికితే వల మళ్ళీ బిగుస్తుంది. పదిహేను నిమిషాలు తడిబట్ట కింద వదిలేస్తే ముద్ద ఒత్తుడుకు లొంగుతుంది.

రెండు రోజుల పాత ముద్దకు ఒక లాభం కూడా ఉందని ఒప్పుకోవాలి. చల్లగా నానుతున్నంతసేపూ పిండిలోని ఎంజైములు గ్లూటెన్‌ను కొంచెం వదులు చేస్తాయి. అందుకే ఫ్రిజ్‌లో ఉన్న పిండి అప్పడాల కర్ర కింద వెనక్కి ముడుచుకోకుండా పల్చగా పరుచుకుంటుంది. తాజా పిండితో అంత పల్చగా ఒత్తాలంటే చేతులు నొప్పి పుడతాయి. అదే సమయంలో ఇంకో ఎంజైమ్ పిండిలోని గంజి పదార్థాన్ని చక్కెరగా మారుస్తూ ఉంటుంది. ఆ చక్కెర వల్ల పాత పిండి నూనెలో త్వరగా ఎర్రబడుతుంది. మోసం ఇక్కడే జరుగుతుంది. పైన రంగు వచ్చేసింది కదా అని తీసేస్తారు, లోపల నీళ్ళు అలాగే ఉంటాయి. పది నిమిషాల్లో ఆ నీరు పైకి పాకి ముక్క మెత్తబడుతుంది. పాత పిండి చిప్స్‌ను తాజా వాటికన్నా సన్నటి మంట మీద, ఎక్కువసేపు వేయించాలనడానికి కారణం ఇదే.

బూడిద రంగు గురించి కంగారు అక్కర్లేదు. కోసిన వంకాయను నల్లబరిచే రకం ఎంజైమే గోధుమ పొట్టులోనూ ఉంటుంది, గాలి తగిలితే అది రంగు మారుస్తుంది. వాసన మారనంత వరకు అది చూపుకు సంబంధించిన సంగతే. పైన ఎండిన పొరను మాత్రం గిల్లి తీసేయాలి. అది ముద్దలో కలవదు, వేగాక పలుకుల్లా పంటికి తగులుతుంది.

గవ్వల చెక్క మీద ఏం జరుగుతుంది

అంత సర్ది చేసిన ముద్దను ఒకే మందాన ఒత్తి, చాకుతో డైమండ్ ముక్కలుగా కోయడం అందరూ చేసేదే. నేవీ ఉద్యోగాల మీద వచ్చి విశాఖలో స్థిరపడ్డ ఉత్తరాది కుటుంబాల్లో వీటినే నమక్ పారే అంటారు, ఒడియా, బెంగాలీ ఇళ్ళలో నిమ్కీ. పేర్లు వేరైనా అన్నిటికీ ఒకే చిక్కు: ముక్క మధ్యలో గాలి చేరి పూరీలా పొంగితే పై పొర, కింది పొర విడిపోయి ఒకటి మాడుతుంది, ఒకటి మెత్తగా ఉండిపోతుంది. ఒత్తిన అప్పడం మీద ఫోర్కుతో వరసగా పొడిస్తే ఆవిరికి దారి దొరుకుతుంది.

అంతకన్నా తెలివైన ఆకారం ఆంధ్ర ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది: గవ్వ. శనగగింజకన్నా కొంచెం పెద్ద ఉండను గీతల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకు తోస్తే, వేలి కింద పల్చబడుతూ తనలోకి తాను చుట్టుకుంటుంది. వెలుపలి వైపు గీతలు, లోపల ఖాళీ. గోడ మందం మూడు మిల్లీమీటర్లకు మించదు కాబట్టి నీరు బయటికి పోవడానికి ఎక్కువ దూరం లేదు. గీతల వల్ల నూనె తగిలే మేర పెరుగుతుంది. లోపలి గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుంది కనుక ఆవిరి చిక్కుకోదు, పొంగదు. పండక్కి బెల్లం పాకం పట్టే గవ్వలనే కారం, వాము వేసి ఉప్పగా చేసుకుంటే మిగిలిన ముద్దకు ఇంతకంటే సరిపోయే రూపం దొరకదు. గవ్వల చెక్క లేకపోతే ఫోర్కు వీపు, శుభ్రంగా కడిగిన కొత్త దువ్వెన చాలు. చిక్కల్లా ఓపికది. 200 గ్రాముల ముద్దకు వందకు పైగా గవ్వలు చుట్టాలి. పిల్లలు ఉన్న ఇంట్లో సెలవు రోజు సాయంత్రం అయితే అదో ఆట. ఆఫీసు నుంచి వచ్చి చేసే పని మాత్రం కాదు, అప్పుడు డైమండ్ ముక్కలే దిక్కు.

పొరలు కావాలంటే కాజా దారి పట్టాలి. ముద్దను పల్చగా ఒత్తి, నూనెలో కలిపిన బియ్యప్పిండిని పల్చగా పూసి, చాపలా చుట్టి, వేలెడు ముక్కలు కోసి, ఒక్కోటీ మెల్లగా నొక్కితే కారపు కాజాలు. ఇక్కడ పాత పిండి సాగే గుణమే ఉపయోగపడుతుంది. పొరల మధ్య నూనె ఉంటుంది కనుక పిండిలో అదనంగా నూనె పట్టించకపోయినా విడివిడిగా వస్తాయి.

మూకుడు దగ్గర

పిండి ముక్క నూనెలో పడగానే పైకి లేచే బుడగలన్నీ పిండిలోని నీళ్ళే. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, నూనె 160, 170 డిగ్రీల్లో ఉంటుంది. నీరు పోతున్నంతసేపూ చిటపట వినిపిస్తుంది, నురగ కనిపిస్తుంది. నీరు అయిపోవచ్చేసరికి శబ్దం తగ్గి, నూనె నిమ్మళిస్తుంది. రంగుకన్నా ఈ గుర్తు నమ్మదగ్గది. థర్మామీటర్ లేని వంటింట్లో నూనె వేడి చూడ్డానికి చిటికెడు పిండి వేయాలి. అడుగుకు వెళ్ళి, నాలుగైదు లెక్కపెట్టేలోగా నెమ్మదిగా పైకొస్తే చిప్స్‌కి సరిపోయే వేడి. వేయగానే చివ్వున పైకి లేస్తే పునుగులకు బాగుంటుంది, చిప్స్‌కి ఎక్కువ.

వేగిన ముక్క ఎక్కువ నూనె పీల్చేది మూకుడులో ఉన్నప్పుడని అనుకుంటారు. ఎక్కువ భాగం పీల్చేది బయటికి తీశాకే. నూనెలో ఉన్నంతసేపూ లోపలి నుంచి ఆవిరి తన్నుకొస్తూ నూనెను రానివ్వదు. బయటికి తీసి చల్లబడగానే లోపలి ఆవిరి నీరుగా మారి, ఖాళీ ఏర్పడి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాగుతుంది. చిల్లుల గరిటెతో తీసిన వెంటనే మూకుడు పైనే రెండు మూడుసార్లు విదిలించడం పాతకాలపు అలవాటు, కారణం తెలియకపోయినా సరైన అలవాటు. తీసిన వాటిని టిష్యూ కాగితం మీద వేయాలి. ఊళ్ళో పునుగులు న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి ఇవ్వడం మామూలే గానీ, అచ్చు సిరా తిండికి అంటడం మంచిది కాదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరించింది.

పీట మీద చల్లిన పొడి పిండి మూకుడులోకి వెళ్ళకుండా చూడాలి. అది అడుగున మాడి నూనెను నల్లబరుస్తుంది, తర్వాతి వాయికి చేదు అంటుతుంది. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదన్న నిబంధన దేశంలో 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు. నూనె చిక్కబడి, కొంచెం వేడికే పొగ వస్తూ, నురగ తగ్గనంటే దాని పని అయిపోయినట్టే.

వేయించడం వద్దనుకునేవాళ్ళకు ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది. ముక్కలకు నూనె రాసి 165 డిగ్రీల్లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అయితే ఒత్తడం రెండు మిల్లీమీటర్లకన్నా పల్చగా ఉండాలి, లేకపోతే బిస్కెట్టుకూ రొట్టెకూ మధ్య రకం ఒకటి తయారవుతుంది.

పండగ మర్నాటి తోపు

బొబ్బట్లు చేసిన మర్నాడు ఇంట్లో మిగిలేది చపాతీ ముద్దకు పూర్తిగా వేరే జాతి. మైదా తోపును, అంటే పూర్ణం చుట్టూ పెట్టే పిండిని, బాగా జారుగా కలిపి, నూనెలో ముంచి నానబెడతారు. అందులో నీరూ ఎక్కువే, నూనే ఎక్కువే, గ్లూటెన్ పూర్తిగా అల్లుకుని వదులైపోయి ఉంటుంది. దీన్ని చిప్స్ చేయాలని పొడి పిండి కలుపుతూ పోతే అంతు ఉండదు. అరచేతిలో నూనె రాసుకుని ఉసిరికాయంత తోపును పెనం మీద కాగితంలా సాగదీసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర చల్లి, నాలుగు వైపులా మడిచి రెండు వైపులా కాలిస్తే నాలుగు వేళ్ళ వెడల్పు కారపు మడతలు వస్తాయి. పూర్ణం బదులు ఉడికించిన బంగాళాదుంప కూర పెట్టి చిన్న బొబ్బట్లు ఒత్తుకోవచ్చు. ఎలా చేసినా వేడి మీదే తినాలి.

పూర్ణాలు చేసినప్పుడు మిగిలే తోపు మినప్పప్పు, బియ్యం కలిపి రుబ్బినది. అందులో ఉప్పు తక్కువ, ఒక్కోసారి పూర్ణం చిదిమిపోయి తీపి కూడా అంటి ఉంటుంది. జీలకర్ర, మిరియాలు, అల్లం కలిపి చిన్న చిన్న చప్పిడి బూరెల్లా వేసేయడం చాలా ఇళ్ళలో పండగ రోజే జరిగిపోతుంది, అదే మూకుడులో, అదే నూనెలో. ఆ లేత తీపి మీద మిరియం ఘాటు తగిలితే కొందరికి పూర్ణంకన్నా అదే ఇష్టం.

పిజ్జా ఇంట్లో చేసుకునే అలవాటు పెరిగాక ఈస్ట్ వేసిన మైదా ముద్ద కూడా ఫ్రిజ్‌ల్లో కనిపిస్తోంది. చల్లదనంలో ఈస్ట్ నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. రెండో రోజుకు పుల్లటి సారా వాసన తగులుతుంది, ఒత్తి గాలి తీసేస్తే పోతుంది. పిజ్జా సొంత ఊరైన ఇటలీలోని నేపుల్స్‌లో అలాంటి పిండిని పీలికలుగా కోసి నూనెలో వేయించి ఉప్పు చల్లుకుని తింటారు. విశాఖలో ఆ పీలికలనే ముడి వేసి, వెల్లుల్లి, కరివేపాకు వేయించిన నెయ్యిలో దొర్లిస్తే టీకి బాగుంటాయి.

పులిసిన పిండి: పునుగుల లెక్క

అసలు మిగిలిన పిండి అంటే కోస్తాలో ముందు గుర్తొచ్చేది దోశ పిండి. వీధి చివర పిండి ప్యాకెట్లు దొరకడం మొదలయ్యాక ఇది ఇంకా ఎక్కువైంది. కిలో ప్యాకెట్ తెస్తారు, రెండు రోజులు ఇడ్లీ, దోశ అయ్యాక మూడో రోజుకు గిన్నెలో పావు వంతు మిగిలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు తగులుతుంది. దోశ వేస్తే నోటికి పుల్లగా, పెనానికి అతుక్కుంటూ వస్తుంది. ఇదే పునుగులకు సరైన వయసు.

పిండిని పులిపించేవి మినప్పప్పుతో పాటే వచ్చే లాక్టిక్ బాక్టీరియా. మొదట్లో లూకోనోస్టాక్ జాతివి గాలి బుడగలు ఎక్కువగా పుట్టించి పిండిని పొంగిస్తాయి. తర్వాత్తర్వాత పొంగు పడిపోతుంది, ఆమ్లం పెరుగుతూ పోతుంది. విశాఖ వేసవిలో ఆరేడు గంటల్లో పొంగే పిండి జనవరిలో పది, పన్నెండు గంటలు తీసుకుంటుంది. అదే గిన్నెను డిసెంబరులో లంబసింగిలో పెడితే తెల్లారేసరికి కదలిక కూడా కనిపించకపోవచ్చు. మూడో రోజు పిండిలో పొంగు పోయి పులుపు మిగిలి ఉంటుంది. ఆ పులుపును మళ్ళీ గాలిగా మార్చే పని సోడా ఉప్పుది. ఆమ్లం, సోడా కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పులుపూ కొంత విరుగుతుంది. రెండు గ్లాసుల పిండికి పావు చెంచాకన్నా తక్కువ చాలు. అదీ నూనె కాగాక, మూకుడులో వేసే ముందే కలపాలి. ముందే కలిపి పెడితే ఆ గాలి గిన్నెలోనే పోతుంది. ఎక్కువైతే పునుగు లోపల ఉడకకముందే పైన ఎర్రబడుతుంది, నూనె పీలుస్తుంది, నాలుక మీద సబ్బు రుచి తేలుతుంది.

ఇక్కడా నీళ్ళ లెక్క తప్పదు. దోశ పిండి గరిటె జారుడుగా ఉంటుంది, పునుగుకు చేతిలో నిలిచే చిక్కదనం కావాలి. మైదా కలిపితే మెత్తగా, సాగుడుగా వస్తుంది. బియ్యప్పిండి కలిపితే పైన కరకర, లోపల కాస్త గట్టి. బొంబాయి రవ్వ కలిపి పావుగంట వదిలితే రవ్వ నీటిని పీల్చుకుని రెంటికీ మధ్యగా ఉంటుంది. నిజానికి మిగిలిన పిండికి అన్నిటికన్నా నమ్మకమైనది రవ్వే, ఎంత వేయాలో అదే చెబుతుంది. ఉల్లిపాయ ముక్కలు చివర్లో వేయాలి. ఉప్పు తగిలిన ఉల్లిపాయ పది నిమిషాల్లో నీరు వదిలి, గట్టిపడిన పిండిని మళ్ళీ జారుగా చేస్తుంది.

సాయంత్రం బండి దగ్గర నిలబడి చూస్తే ఈ చిక్కదనం ఎంత ఉండాలో కళ్ళకు కడుతుంది. బండి అతను తడి చేతిని పిండిలో ముంచి గుప్పెడు తీసుకుంటాడు. పిడికిలి బిగిస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఉసిరికాయంత పిండి ఉబికి వస్తుంది, వేలితో తెంపి నూనెలోకి జారవిడుస్తాడు. నిమిషంలో ముప్ఫై పడతాయి. కింది వైపు ఉబ్బి తేలికై, కాసేపటికి పునుగు తనంతట తానే బొర్లా పడుతుంది. తోక వచ్చిందంటే పిండి పల్చనైనట్టు, బొర్లా పడకుండా మొరాయిస్తే గట్టిపడినట్టు. ఇంట్లో చేసేటప్పుడు పరిమాణం నిమ్మకాయంత చేయాలన్న ఆశ మానుకోవాలి. పైన రంగొచ్చినా నడుమ పచ్చిగా ఉండిపోతుంది.

నూనె తగ్గించాలంటే గుంట పునుగుల పెనం. గుంటకు అర చెంచా నూనె, పైన మూత. సోడా కూడా అక్కర్లేదు, కాస్త పొంగు ఉన్న పిండి అయితే చాలు. అల్లం పచ్చడితో అయినా పల్లీ చట్నీతో అయినా ఒకటే. వేటికైనా ఆయుష్షు పావుగంట. పునుగులు నిలవ ఉండవు, ఉంచకూడదు.

గారెల పిండి మిగిలితే గోళీకాయంత చిట్టి గారెలు వేసేయాలి. పులిస్తే అది నూనె తాగుతుంది. జంతికల గొట్టంలో చివర మిగిలే ముద్దకు మాత్రం ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. బియ్యప్పిండి ముద్ద ఆరిపోయి పగుళ్ళిస్తుంది. దాన్ని ఉండలుగా చుట్టి నూనెలో వేస్తే పైపొర గట్టిపడి, లోపలి ఆవిరికి దారి లేక టప్పున పేలే ప్రమాదం ఉంది, నూనె మీద పడుతుంది. వేడినీళ్ళు చిలకరించి మెత్తబరిచి, పల్చటి చెక్కలుగా ఒత్తి, వేలితో రెండు మూడు చోట్ల పొడవడమే సురక్షితం.

సముద్రపు గాలి, స్టీలు డబ్బా

బాగా వేగిన చిప్స్‌లో తడి రెండు, మూడు శాతానికి మించదు. బయట గాలిలో తేమ 70 శాతం. తెరిచి పెట్టిన ప్లేటులో చిప్స్ బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో అయితే గంట గడవకముందే కరకర తగ్గించుకుంటాయి. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మేవాళ్ళు మరమరాల సంచి మూతి ఎప్పుడూ ముడిచే ఉంచడం ఊరికే కాదు. వేడి వేడిగా డబ్బాలో పోసి మూత పెట్టడం ఇంకా పెద్ద తప్పు. బయటి తేమ అవసరం లేకుండానే లోపలి ఆవిరి మూతకు పట్టి నీటి చుక్కలై వాటి మీదే రాలుతుంది. ఫ్యాన్ కింద పూర్తిగా చల్లార్చాలి, చల్లారిన తర్వాత ఆలస్యం చేయకూడదు. ఈ రెంటి మధ్య వ్యవధి వానాకాలం విశాఖలో ఇరవై నిమిషాలు అనుకోవచ్చు. పెద్ద డబ్బాలో కొన్ని వేసి రోజూ తెరిచి మూసేకన్నా, నిండుగా పట్టే చిన్న డబ్బాలు రెండు నయం. ఖాళీ ఉన్న చోట తేమ గాలి ఉంటుంది.

మెత్తబడ్డవి పాడైనట్టు కాదు. ఓటీజీలో 120 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు, లేదా నూనె లేని మూకుడులో సన్నటి మంట మీద కదుపుతూ వేడి చేసి ఆరబెడితే మళ్ళీ విరుగుతాయి. కారు వాసన వచ్చినవి మాత్రం వేటికీ బాగుపడవు, అది నూనె చెడిన వాసన. విరిగి పొడైన చిప్స్‌ను మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసంతో కలిపేస్తే వాటి లోపం ఎవరికీ తెలియదు.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్న దగ్గర చాలామంది లెక్క తలకిందులుగా ఉంటుంది. పుల్లటి దోశ పిండిని అనుమానిస్తారు, రాత్రంతా బయట ఉన్న చపాతీ ముద్దను "నిన్నటిదే కదా" అని నమ్ముతారు. పులిసిన పిండిలోని ఆమ్లం చాలా రకాల చెడ్డ క్రిములను పెరగనివ్వదు. చపాతీ ముద్దకు ఆ రక్షణ లేదు. మే నెల మధ్యాహ్నం వంటగట్టు మీద నాలుగు గంటలు ఉన్న ముద్దను వేయించేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు, కొన్ని బాక్టీరియాలు వదిలిన విషాలు వేడికి లొంగవు. కలిపిన అరగంటలో ఫ్రిజ్‌లోకి వెళ్ళిన ముద్ద రెండు రోజులు, మహా అయితే మూడు. గులాబీ, నారింజ, నల్ల చుక్కలు కనిపిస్తే ఆ చోటు వరకు గిల్లేసి మిగతాది వాడటం కుదరదు. కరెంటు ఎక్కువసేపు పోతే ఫ్రిజ్ లెక్కలన్నీ రద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇందులో డబ్బు ఆదా ఎంత అంటే, ఆ మాట కొంచెం పెంచి చెప్పేదే. కిలో గోధుమపిండి 50 రూపాయలు అనుకుంటే 200 గ్రాముల ముద్దలో ఉన్న పిండి విలువ ఆరు రూపాయలు. దాన్ని కాపాడటానికి అయ్యే నూనె, గ్యాస్ అంతకన్నా ఎక్కువ. ప్రపంచంలో 2022లో వృథా అయిన తిండి 105 కోట్ల టన్నులని, అందులో 60 శాతం ఇళ్ళ నుంచేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క కట్టింది. బత్తాయికాయంత ముద్ద ఆ లెక్కను కదిలించదు. కాకపోతే సాయంత్రం నాలుగింటికి బజారుకు వెళ్ళకుండా, ఉప్పు, కారం, నూనె మన చేతిలో ఉంచుకుని ఒక గిన్నెడు చిరుతిండి తయారవుతుంది. దాని విలువ అక్కడుంది.

ఆ రుచి మరిగాక కొన్ని ఇళ్ళలో చపాతీ పిండి కలిపేటప్పుడే ఇంకో గుప్పెడు ఎక్కువ వేయడం మొదలవుతుంది, రేపటి గవ్వలకని. అలా కావాలని మిగిల్చేటట్టయితే పైన చెప్పిన తంటాలేవీ పడనక్కర్లేదు. ఆ గుప్పెడు పిండిని నీళ్ళు పోయకముందే వేరే గిన్నెలోకి తీసి, కాగిన నూనె పట్టించి, వాము, కారం వేసి, గట్టిగా విడిగా కలిపి పెట్టుకుంటే సరి.